బారసాల బియ్యంలో వెండితెర పేర్లు

(చెన్నై స్టూడియోలో రికార్డు చేసిన చర్చ పాఠం. పాల్గొన్నవారు: విశ్రాంత తెలుగు ఆచార్యులు, టి.నగర్‌లో పౌరోహిత్యం చేసే పంతులుగారు, షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక తల్లి.)

సమన్వయకర్త: నమస్కారం. పిల్లల పేర్ల మీద సినిమాలు, సీరియళ్ల ప్రభావం ఎంత అన్నది ఈనాటి చర్చ. పంతులుగారూ, మీతోనే మొదలుపెడదాం.

పంతులుగారు: అమ్మా, పాతికేళ్ల క్రితం తల్లిదండ్రులు నక్షత్రం చెప్పి, ఏ అక్షరం వస్తుందో అడిగి, పేరు కూడా నన్నే చూడమనేవారు. ఇప్పుడు పేరు ముందే ఖాయం చేసుకొని వచ్చి, దానికి నక్షత్రం కుదురుతుందేమో చూడమంటున్నారు. కుదరకపోతే జన్మనామం చెవిలో చెప్పించి, వారు కోరిన పేరునే పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాయిస్తాను. వ్యవహారనామం వేరుగా ఉండవచ్చు కనుక నాకు అభ్యంతరం లేదు. నోరు తిరగని పేరు తెచ్చి, దాని అర్థం కూడా నన్నే చెప్పమన్నప్పుడు మాత్రం ఇబ్బంది పడతాను.

తల్లి: నాకు ఆ ఇబ్బంది రాలేదండీ. 2017లో ‘బాహుబలి’ రెండో భాగం చూసినప్పటి నుంచి దేవసేన అన్న పేరు నా మనసులో ఉండిపోయింది. పాప రేవతి నక్షత్రం మొదటి పాదంలో పుట్టడంతో ‘దే’ అక్షరం దానంతటదే వచ్చింది. బియ్యంలో ఆ పేరు రాయగానే, తిరుత్తణి మొక్కు ఉన్న మా అత్తగారు సుబ్రహ్మణ్యస్వామి దేవేరి పేరు పెట్టామని చేతులు జోడించారు. ఎదురింటి తమిళ మామిగారు కూడా ‘దైవానై’ అంటూ పాప బుగ్గలు నిమిరారు. విజయవాడ నుంచి ఫోన్ చేసిన బంధువులు మాత్రం, నీకు సినిమా పిచ్చి ఇంకా వదలలేదా అన్నారు.

ఆచార్యులు: ఈ అమ్మాయి చెప్పిన దానిలోనే విషయమంతా ఉంది. సినిమా ఆ పేరును పుట్టించలేదు. పురాణంలో, గుడిలో ఎప్పటి నుంచో ఉన్న పేరును, పాతబడిందన్న సంకోచం లేకుండా పిలుచుకునే ధైర్యం ఇచ్చింది. చెవికి అలవాటైన పేరునే మనిషి ఎంచుకుంటాడు. సినిమా చేసేది ఆ అలవాటు చేయడమే. పూర్తిగా కొత్త పేరును పుట్టించిన సందర్భాలూ లేకపోలేదు. 1984లో వచ్చిన ఒక అమెరికన్ చిత్రంలో మత్స్యకన్య న్యూయార్క్ వీధి బోర్డు చూసి మాడిసన్ అని పేరు పెట్టుకుంటుంది. అప్పటికి ఆడపిల్లలకు దాదాపు ఎవరూ పెట్టని ఆ పేరు, 2001 నాటికి అక్కడి ఆడశిశువుల పేర్లలో రెండో స్థానానికి చేరింది. వారి సామాజిక భద్రతా శాఖ ఏటా పేర్ల పట్టిక ప్రచురిస్తుంది కాబట్టి ఈ మాట లెక్కతో చెప్పగలుగుతున్నాం.

సమన్వయకర్త: సినిమాకు ముందు ఈ ప్రభావం లేదంటారా?

ఆచార్యులు: ఎందుకు లేదు? అప్పుడు ఆ పని వార్తాపత్రిక, సభావేదిక చేశాయి. ఈ నగరంలో అందరూ ఎరిగిన ఉదాహరణ ఉంది. 1953 మార్చి 1న కరుణానిధిగారికి కుమారుడు పుట్టాడు, నాలుగు రోజులకు సోవియట్ నేత స్టాలిన్ మరణించాడు, ఆ పేరే బిడ్డకు వచ్చింది. ఆంధ్రలోనూ కమ్యూనిస్టుల ఇళ్లలో లెనిన్‌లు, స్టాలిన్‌లు పుట్టారు. అయితే నన్ను ఎక్కువగా బాధించేది దీనికి రెండో పక్క. సినిమా పేర్లను నిలబెట్టినట్టే చంపుతుంది కూడా. మన హాస్య సన్నివేశాల్లో వంటవాడికి, అమాయకపు గుమాస్తాకు సుబ్బారావు, అప్పారావు అని దశాబ్దాల తరబడి పెట్టి నవ్వించాం. సంతానం కోసం సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకొని భక్తితో పెట్టుకున్న ‘సుబ్బ’ అన్న మాట వినగానే ఇప్పుడు నవ్వు వస్తోంది. ఇదే చెన్నైలో సుబ్బులక్ష్మి అంటే తెల్లవారుజామున వినిపించే సుప్రభాతం, 1998లో వచ్చిన భారతరత్న. ఒకే దేవుడి పేరు ఒక భాషలో గౌరవమైంది, మరో భాషలో హాస్యమైంది.

పంతులుగారు: నటుల తెరపేర్లు పెట్టేవారూ ఉన్నారు. శివశంకర వరప్రసాద్‌గారు చిరంజీవి అయ్యాక ఆ పేరు పెట్టుకున్న పిల్లవాడి శుభలేఖలో ‘చి. చిరంజీవి’ అని అచ్చు వేయవలసి వచ్చింది.

సమన్వయకర్త: (నవ్వుతూ) జనన ధ్రువపత్రం సంగతి కూడా చెప్పండి.

తల్లి: పేరు లేకుండానే జననం నమోదు చేయవచ్చు, 12 నెలల లోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్చుకోవచ్చు. కానీ ఆధార్‌కు, పాస్‌పోర్టుకు ఆ పత్రమే కావాలి కనుక మేము ఆగలేదు. తమిళ లిపిలో ‘త’కూ ‘ద’కూ ఒకే అక్షరం కాబట్టి, బడిలో ఎలా పిలుస్తారోనని పేరును తమిళంలో రాసి మామిగారి చేత చదివించాను. ఆవిడ దేవసేన అనే చదివారు. ఇంటిపేరు ముందు రాయాలా, ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరమే చాలా అన్న దగ్గర మాత్రం ఇంట్లో రెండు రోజులు వాదన జరిగింది.

సమన్వయకర్త: రెండో బిడ్డకు పేరు అనుకున్నారా?

తల్లి: వచ్చే నెలలోనే కాన్పు. ఆడపిల్ల అయితే తన తల్లి పేరు సుబ్బలక్ష్మి పెట్టమని అత్తగారు అడుగుతున్నారు. మావారు నవ్వేశారు.

ఆచార్యులు: ఒక్క అక్షరం మార్చి, సుబ్బులక్ష్మి అని ఆయన చేత ఒకసారి పలికించి చూడమ్మా.