మోనో రికార్డుకు ఏ ముల్లు? టర్న్‌టేబుల్, కార్ట్రిడ్జ్ కొనే ముందు

[తెర మీద: ఏడంగుళాల నల్లటి రికార్డు తిరుగుతోంది. ముల్లు గాడిలోకి దిగుతుంది. ముందు చిటపటలు, తర్వాత పాట.]

ఇంట్లో అటక మీద దొరికిన పాత తెలుగు సినిమా పాటల రికార్డు 1950లు, 60ల నాటిదైతే అది దాదాపుగా మోనోయే, అంటే ధ్వని అంతా ఒకే ఛానల్‌గా ఉన్నదే, అయి ఉంటుంది. దాన్ని ఇవాళ్టి స్టీరియో (ఎడమ, కుడి రెండు ఛానళ్ల) టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయర్ మీద వేస్తే పాట తప్పకుండా వినిపిస్తుంది. దానితోపాటు వినిపించనక్కర్లేనిది కూడా చాలా వస్తుంది. ఆ అనవసరపు గోల ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, ఏది కొనాలో సగం తేలిపోతుంది.

[బొమ్మ: గాడి అడ్డుకోత, ఆంగ్ల ‘వి’ అక్షరం ఆకారంలో. రెండు గోడలూ 45 డిగ్రీల వాలులో.]

మోనో రికార్డులో సంగీతమంతా ముల్లు పక్కలకు ఊగడంలోనే ఉంటుంది. ముల్లు పైకీ కిందికీ కదలవలసిన పనే లేదు. స్టీరియో వచ్చాక ఎడమ ఛానల్‌ను ఒక గోడకు, కుడి ఛానల్‌ను రెండో గోడకు ఇచ్చారు. ఈ ఆలోచనను ఇంగ్లండులో అలన్ బ్లూమ్‌లైన్ 1931లోనే పేటెంటుకు రాసి పెట్టాడు. అంగడిలోకి స్టీరియో ఎల్పీలు (33 వేగపు పెద్ద రికార్డులు) వచ్చేసరికి మాత్రం 1957-58 అయింది. ఈ పద్ధతిలో చక్కటి లెక్క ఒకటుంది. రెండు ఛానళ్లలో ఒకే ధ్వని ఉంటే ముల్లు పక్కలకే ఊగుతుంది, అంటే అచ్చం మోనో. రెండింటి మధ్య తేడా ఉన్నప్పుడే ముల్లు పైకీ కిందికీ లేస్తుంది.

ఇప్పుడు ఆ లెక్కను తిరగేయండి. స్టీరియో కార్ట్రిడ్జ్‌కు (ముల్లును పట్టుకుని దాని కదలికను సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టెకు) మోనో రికార్డు ఇస్తే, ముల్లు పైకి ఎగిరిన ప్రతిసారీ అది కూడా సంగీతమేననుకొని స్పీకర్లకు పంపిస్తుంది. కానీ మోనో గాడిలో ముల్లును పైకి ఎగరేసేవి దుమ్ము, గీతలు, రికార్డు వంకర, మోటారు అదురు. వీటికి తోడు మరొకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. గాడిని కోసే పనిముట్టు ఉలిలాంటిది, దాని ముఖం చదునుగా ఉంటుంది. వాడే ముల్లు మొన గుండ్రంగా ఉంటుంది. గాడి బాగా ఏటవాలుగా మలుపు తిరిగిన చోట దాని వెడల్పు తగ్గి, గుండ్రటి మొన ఇరుక్కుని పైకి నెట్టుకొస్తుంది. ఒక్కో ఊపుకు ఇలా రెండుసార్లు జరుగుతుంది. గాయకుడు గొంతు ఎత్తిన చోట వినిపించే ఆ గరుకుదనంలో కొంత వాటా దీనిదే.

[ధ్వని పరీక్ష. “హెడ్‌ఫోను పెట్టుకోండి” అని తెర మీద అక్షరాలు. ముందు స్టీరియోగా, తర్వాత యాంప్లిఫయర్ మీద మోనో మీట నొక్కి.]

విన్నారా? స్టీరియోలో పాట మధ్యలో ఉంటే, చిటపటలు చెవుల రెండు వైపులా చెదిరిపోయి వినిపించాయి. మోనో మీట నొక్కగానే అవి ముడుచుకుపోయి గాయకుడి వెనక్కి చేరాయి. కొన్ని పూర్తిగా మాయమయ్యాయి. రెండు ఛానళ్లనూ కలిపినప్పుడు నిలువు కదలిక ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, అంతే.

కాబట్టి నా సలహా మొదటిది: కార్ట్రిడ్జ్ కొనే ముందు మోనో మీట ఉందో లేదో చూడండి. పాత యాంప్లిఫయర్లలో ఇది మామూలుగా ఉండేది, ఇప్పటివాటిలో అరుదు. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే కొన్ని ఫోనో ప్రీయాంప్‌లలో ఉంది. లేకపోతే ఆంగ్ల ‘వై’ అక్షరంలా రెండు కొసలు ఒకటయ్యే తీగలు రెండింటిని ఎదురెదురుగా కలిపి టర్న్‌టేబుల్‌కూ ప్రీయాంప్‌కూ మధ్య పెట్టవచ్చు. ప్రీయాంప్ తర్వాత మాత్రం అలా కలపవద్దు, రెండు ఔట్‌పుట్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. రికార్డులు పది, పదిహేను ఉన్నవారికి ఇంతకు మించి ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం.

[తెర మీద: మూడు ముల్లు మొనలు, పక్కపక్కన పెద్దవి చేసి.]

రికార్డుల సేకరణ పెద్దదైతే అసలు మోనో కార్ట్రిడ్జ్ గురించి ఆలోచించవచ్చు. ఇక్కడ మొన పరిమాణమే ముఖ్యం. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చినప్పుడు ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). స్టీరియో వచ్చాక అది 18 దాకా తగ్గింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులకు 75 మైక్రాన్ల దరిదాపు కావాలి. 1960లలో మోనో ఎల్పీలను కూడా స్టీరియో యంత్రాల మీదే కోయడం మొదలైంది కనుక వాటికి 18 సరిపోతుంది. 50ల నాటి రికార్డు ఇప్పటికే పెద్ద మొనలతో అరిగి ఉంటే, చిన్న మొన గోడ మీద కాస్త కిందికి, అరగని చోటుకి వెళ్లి శుభ్రంగా పలకవచ్చు. ఈ విషయంలో పుస్తకం మాట కన్నా మీ రికార్డు మాట వినండి.

ఓర్టోఫాన్ 2ఎమ్ మోనో 18 మైక్రాన్ల గుండ్రటి మొన ఉన్న కార్ట్రిడ్జ్. లోపలి యంత్రం స్టీరియోదే, రెండు ఛానళ్లనూ లోపలే కలిపేశారు. డెనాన్ డీఎల్-102 అలా కాదు. దానికి వెనుక నాలుగు కాక రెండే కాళ్లుంటాయి, కాబట్టి తీగలు కలిపేటప్పుడు ఆ ఒక్క సిగ్నల్‌నే రెండు ఛానళ్లకూ పంచాలి. ముల్లు రికార్డు మీద మూడు గ్రాముల బరువు మోపి నడుస్తుంది, ఒళ్లు కూడా బరువే. సన్నని తేలికపాటి ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి) ఉన్న టర్న్‌టేబుల్‌కు దీన్ని తగిలించవద్దు. మరొక జాగ్రత్త: స్టీరియో రాకముందు తయారైన పాత మోనో కార్ట్రిడ్జ్‌లలో ముల్లు పైకీ కిందికీ వంగదు. వాటితో స్టీరియో రికార్డు వేస్తే గాడిని చెక్కేస్తాయి.

[తెర మీద: ఆడియో-టెక్నికా ఎల్పీ120 టర్న్‌టేబుల్. చేయి చివరి నుంచి కార్ట్రిడ్జ్ బిగించే హెడ్‌షెల్ ఊడదీసి, మరొకటి తగిలిస్తున్న దృశ్యం, దగ్గర నుంచి.]

ఇక టర్న్‌టేబుల్. రెండు రకాల రికార్డులూ వినేవారికి నేను అడిగేది ఒక్కటే: హెడ్‌షెల్ ఊడి రావాలి. చేయి చివరనున్న కాలర్ (బిగింపు రింగు) తిప్పితే హెడ్‌షెల్ చేతికి వస్తుంది. మోనో కార్ట్రిడ్జ్ ఒకదానికి, స్టీరియో ఇంకొకదానికి బిగించి పెట్టుకుంటే మార్చడం నిమిషం పని, మార్చినప్పుడల్లా బరువు మళ్లీ సరిచూసుకోవాలి అంతే. రెగా ప్లానర్ వరుస మంచి యంత్రాలే, కానీ వాటిలో చేయి మొత్తం ఒకే ముక్క, 78 వేగమూ సాధారణంగా ఉండదు. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్పీ120ఎక్స్‌యూఎస్‌బీలో ఊడదీసే హెడ్‌షెల్, 33, 45, 78 మూడు వేగాలూ ఉన్నాయి. దానితో వచ్చే ఏటీ-వీఎమ్95ఈ కార్ట్రిడ్జ్‌లో ముల్లును వేళ్లతో లాగి మార్చవచ్చు. అదే ఒంటికి 78 రికార్డుల కోసం మూడు మిల్స్, అంటే సుమారు 76 మైక్రాన్ల ముల్లు వేరుగా దొరుకుతుంది. అది ఐదు గ్రాముల బరువుతో నడుస్తుంది. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎమ్‌కే7లోనూ ఈ వేగాలూ, హెడ్‌షెల్ సౌకర్యమూ ఉన్నాయి, ధర మాత్రం బాగా ఎక్కువ.

78 గురించి ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మన దేశంలో లక్క రికార్డులు చాలాకాలం నిలిచాయి. పాశ్చాత్య దేశాల్లో ఆ వేగం మూలబడ్డాక కూడా ఇక్కడ 1960లలో బీటిల్స్ పాటలు 78 రికార్డులుగా వచ్చాయి. ఇవాళ ప్రపంచమంతటా వాటి కోసం వెతికేవారున్నారు. తెలుగు ఇళ్లలోనూ లక్క రికార్డులు మిగిలి ఉండవచ్చు. సూట్‌కేసు ఆకారపు చౌక ప్లేయర్లకు 78 వేగం ఉన్నా, వాటి సన్నని ముల్లు ఆ వెడల్పాటి గాడి అడుగున దొర్లుతూ గరగరలే ఎత్తి చూపిస్తుంది. తిరుగు దారి ఇంకా ప్రమాదం: 78 ముల్లుతో ఎల్పీ వేస్తే ఎల్పీ పోయినట్టే.

మోనో మీట అన్నిటికీ మంత్రం కాదు. ఎడిసన్ తయారు చేసిన పాత డిస్కుల్లో ధ్వని నిలువుగా, పైకీ కిందికీ కోసి ఉంటుంది. వాటి మీద మోనో మీట నొక్కితే గరగర కాక పాటే దాదాపుగా మాయమవుతుంది! వాటికి ఒక ఛానల్‌ను తిరగేసి కలపాలి. పాత మోనో పాటను కృత్రిమంగా స్టీరియోగా మార్చి అచ్చు వేసిన ఎల్పీలు ఉన్నాయి. వాటిని కలిపినా అసలు ధ్వని తిరిగి రాదు. అట్ట మీద ఆ మాట కనిపిస్తే డబ్బు పెట్టే ముందు ఆలోచించండి.

[తెర మీద: కంప్యూటర్‌లో రెండు ధ్వని తరంగాలు. పై దానిలో కొమ్ములు ఎక్కువ.]

కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవారు స్టీరియోగానే రికార్డు చేయండి, మోనో తర్వాత చేసుకోవచ్చు. ముందుగా ఎడమనూ కుడినీ విడివిడిగా వినండి. యాంటీ-స్కేటింగ్ (చేయి లోపలికి లాగే ఒత్తిడిని సరిచేసే ఏర్పాటు) లేని పాత ప్లేయర్ల మీద నలిగిన రికార్డుల్లో ఒక గోడ రెండోదాని కన్నా ఎక్కువ అరిగి ఉంటుంది. అలాంటప్పుడు రెండింటినీ కలపకుండా, బాగున్న గోడను మాత్రమే ఉంచి రెండోదాన్ని చెరిపేయండి. చిటపటలకు ధ్వని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతే ఉపయోగించండి.