షికాగో బ్లూస్ వేదిక మీద వాద్యకారులు, కరవది వసారాలో సన్నాయి బాబాయ్

నమస్కారమండీ. అమెరికాలోని షికాగో నగరంలో, అక్కడి నల్లజాతివారి నుంచి పుట్టిన సంగీత రీతులైన బ్లూస్, జాజ్ పండుగలప్పుడు నేను చిత్రీకరించిన దృశ్యాలను ఈసారి ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో, మా ఇంటి వసారాలో కూర్చుని మీకు చూపిస్తున్నాను. నా పక్కన ఉన్న పెద్దాయన మా వీధిలోనే ఉండే సన్నాయి విద్వాంసులు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. వేదిక మీద వాయించేవారి గొప్పతనం ఏ వేలిలో ఉందో, ఏ ఊపిరిలో ఉందో వాద్యం పట్టినవారు పోల్చుకున్నంత తేలికగా నాలాంటి శ్రోతలు పోల్చుకోలేరు. అందుకని ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క దృశ్యమే ఆపుతూ చూశాను.

ముందుగా ఆ పండుగ గురించి కొంత చెప్పాలి. షికాగో బ్లూస్ పండుగ 1984లో మొదలైంది. ఆ నగరపు బ్లూస్‌కు పెద్దదిక్కయిన మడ్డీ వాటర్స్ అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. ఏటా జూన్‌లో ఒక వారాంతంలో నగర పాలక సంస్థ దీనిని జరుపుతుంది, ప్రవేశానికి టికెట్టు ఉండదు. జాజ్ పండుగ దీనికంటే పాతది, 1979 నాటిది. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మిక దినోత్సవపు సెలవులలో జరుగుతుంది. రెండింటికీ ప్రధాన వేదిక ఇప్పుడు మిలీనియం పార్కులోని ప్రిట్జ్‌కర్ పెవిలియన్. అక్కడ నాలుగు వేల కుర్చీలు, వాటి వెనుక మరో ఏడు వేల మంది కూర్చోగలిగిన పచ్చిక ఉన్నాయి. ఆ పచ్చిక మీదుగా ఉక్కు గొట్టాలను పందిరిలా అల్లి వాటికి స్పీకర్లు వేలాడదీశారు కాబట్టి, దుప్పటి పరుచుకుని చివరన కూర్చున్న వారికి కూడా వాద్యం మీద వేలి కదలిక వినిపిస్తుంది.

బాబాయ్ మొదట ఆపించింది ఒక హార్మోనికా (మౌత్ ఆర్గాన్) వాద్యకారుని దృశ్యం. ఆయన నడుముకు తోలు పటకా, దానికి తూటాల వరుసలా గుచ్చిన హార్మోనికాలు ఉన్నాయి. ఒక్కడికి అన్ని ఎందుకని బాబాయ్ అడిగారు. పది రంధ్రాలుండే ఆ చిన్న వాద్యం ఒక్క శ్రుతికే కట్టి ఉంటుంది కనుక, శ్రుతి మారినప్పుడల్లా వాద్యాన్నే మార్చుకోవాలి. పైగా బ్లూస్ వాయించేవారు పాట శ్రుతిలో ఉన్న హార్మోనికాను సాధారణంగా తీసుకోరు. పాట ఆధార షడ్జానికి శుద్ధ మధ్యమం ఏ స్థాయి అవుతుందో ఆ స్థాయి హార్మోనికాను ఎంచుకుంటారు. నేను ఇంకా ఈ సంగతి పూర్తిగా చెప్పనేలేదు, బాబాయ్ తెర మీద ఆ కళాకారుని బుగ్గలను చూపించి ఇలా అన్నారు: "ఆయన ఊదట్లేదమ్మాయ్, లాగతన్నాడు. గాలి లోపలికి పోయేటప్పుడే పలకతంది చూడు."

ఆయన పట్టుకున్నది అక్షరాలా నిజం. అలా ఎంచుకున్న హార్మోనికాలో పాటకు ప్రాణమైన స్వరాలు గాలిని లోపలికి పీల్చేటప్పుడు పలుకుతాయి. పీల్చే గాలిని నాలుకతో, నోటి లోపలి ఆకారంతో మలిస్తేనే స్వరం తన స్థానం నుంచి కిందికి వంగుతుంది. బ్లూస్‌కు ఆ ఏడుపు గొంతు వచ్చేది ఆ వంపులోంచే. బ్లూస్ గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ తచ్చాడుతుంది, నిషాదానిదీ అదే తీరు. ఇన్నేళ్ళుగా ఈ సంగీతాన్ని వింటున్న నాకు, ఊపిరి ఏ దిక్కున నడుస్తున్నదో గమనించాలన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. రోజంతా ఊపిరితోనే పని చేసిన మనిషికి అది చూడగానే కనబడింది. 1950ల తొలినాళ్ళలో లిటిల్ వాల్టర్ అనే కళాకారుడు మైకునూ హార్మోనికానూ కలిపి రెండు చేతుల దోసిట్లో బిగించి వాయించి, గుప్పెట్లో ఇమిడే ఆ వాద్యానికి సాక్సోఫోన్ అంత గొంతు తెచ్చారు. నేటి వాద్యకారులు పట్టే పట్టు కూడా అదే.

తరువాత జాజ్ పండుగ దృశ్యాలు వచ్చాయి. ఒక సాక్సోఫోన్ కళాకారిణి తన వంతుకు ముందు, స్వరం పలికించే పలుచని రేకును, అంటే రీడ్‌ను, నోట్లో పెట్టుకుని తడుపుకోవడం, దానిని వాద్యం మూతికి ఆనించి వెలుగులో ఒకసారి సరిచూసుకోవడం, ఆ తరువాతే బిగించడం మీరు తెర మీద చూస్తున్నారు. బాబాయ్ మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి తన సన్నాయిని తెచ్చారు. దాని కంఠానికి దారంతో నాలుగైదు విడి పీకలూ, పీక నోరు తెరవడానికి వాడే సూదీ వేలాడుతున్నాయి. వాటిలో ఒకదాన్ని నోట్లో తడిపి, సూదితో కాస్త విప్పి, వాద్యానికి తొడగకుండానే ఒక్కసారి పలికించి చూపారు. సాక్సోఫోన్‌ది ఒంటి రీడ్, సన్నాయిది జంట రేకుల పీక. అయినా తడి, వయసు, వాతావరణం ఆ రెంటినీ ఒకే విధంగా సతాయిస్తాయట. మంచి పీక దొరికిన రోజున మనిషి పదేళ్ళు చిన్నవాడవుతాడని ఆయన అన్నారు.

ఈ రెండు వాద్యాల బంధుత్వం మన దేశంలో ఎప్పుడో కుదిరింది. కర్ణాటక సంగీతాన్ని సాక్సోఫోన్ మీద పలికించిన కద్రి గోపాల్‌నాథ్ నాదస్వర (సన్నాయి) విద్వాంసుని కుమారుడే. మైసూరు రాజాస్థానపు బ్యాండులో సాక్సోఫోన్ విని ఆయన ఆ వాద్యాన్ని చేపట్టారు. అమెరికాలో పెరిగిన జాజ్ సాక్సోఫోన్ కళాకారుడు రుద్రేశ్ మహంతప్ప ఆయనతో కలిసి 2008లో ఒక ఆల్బమ్ వెలువరించారు. ఆ సంగతి చెప్పగానే బాబాయ్ దానిని వెదికి పెట్టమన్నారు. మధ్యాహ్నమంతా మా ఇంట్లో అదే మోగింది.

అయితే ఈ వీడియోలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వాద్యాల గురించి కాదు, వాయించేవారికి అక్కడ దక్కే స్థానం గురించి. బ్లూస్ పాట నడక సాధారణంగా పన్నెండు బార్ల (మన తాళపు ఆవర్తాల వంటి కొలతల) చక్రం. గాయకుడు ఒక పాదం పాడి, దాన్నే మళ్ళీ పాడి, మూడో పాదంలో దానికి జవాబు చెబుతాడు. ప్రతి పాదం తరువాతా మిగిలే ఖాళీని గిటారో హార్మోనికానో నింపుతుంది. కొన్ని చక్రాలు గడిచాక గాయకుడు పక్కకు తప్పుకుని ఒక్కొక్క వాద్యకారునికి వేదికను వదిలేస్తాడు. ఆ వంతు ముగియగానే, పాట ఇంకా సాగుతూ ఉండగానే, జనం చప్పట్లు కొడతారు. వెంటనే నాయకుడు మైకు దగ్గరకు వచ్చి ఆ వాద్యకారుని పేరును, ఊరును బిగ్గరగా చెబుతాడు. డ్రమ్స్ వాయించేవారినీ, వెనుక నిలబడి బేస్ గిటారు మోగించేవారినీ కూడా ఆయన మరిచిపోడు. జాజ్‌లో అయితే సాక్సోఫోన్ నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు మార్చి మార్చి వాయించుకునే ఘట్టం ఒకటి ఉంటుంది; అది వింటూ బాబాయ్ తొడ మీద తాళం వేస్తూ, తమ డోలు ఆయనకు ఇది వినిపించాలని పదే పదే అన్నారు.

అక్కడ వయసు కూడా అడ్డు కాదు. 1933లో పుట్టిన బ్లూస్ గాయకుడు బాబీ రష్‌కు, అమెరికా సంగీత రంగంలో పేరున్న గ్రామీ పురస్కారం మొదటిసారి 83వ ఏట వచ్చింది. మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ ఊరివాడు, 1999లో పుట్టిన గిటారు కళాకారుడు కింగ్‌ఫిష్ ఇంగ్రామ్ అక్కడి డెల్టా బ్లూస్ మ్యూజియం నడిపే తరగతుల్లో చిన్నప్పుడు నేర్చుకుని ఇవాళ ప్రపంచమంతా వాయిస్తున్నాడు. హార్మోనికా విద్వాంసుడు బిల్లీ బ్రాంచ్ దశాబ్దాలుగా బడులకు వెళ్ళి పిల్లలకు బ్లూస్ నేర్పుతున్నారు. అక్కడి కళాకారులందరూ సుఖంగా బతికారని నేను అనడం లేదు. తమ పాటల మీద రావలసిన డబ్బు కోసం మడ్డీ వాటర్స్, పాటల రచయిత విల్లీ డిక్సన్ వంటివారే కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. ఆ డిక్సన్ స్థాపించిన సంస్థే ఇప్పుడు, వారంతా ఒకప్పుడు రికార్డులిచ్చిన చెస్ కంపెనీ పాత భవనంలో, కళాకారుల హక్కుల కోసం పని చేస్తున్నది.

నేను కూర్చున్న ఈ కరవది ఊరికి సంగీతంలో ఉన్న స్థానం మన పిల్లల్లో ఎంతమందికి తెలుసునో చెప్పండి. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబ్ 1924లో ఇక్కడే పుట్టారు. మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ పత్తి చేలను విడిచి ఉత్తరాన షికాగోకు రైలెక్కితే, మన చినమౌలానా గారు తంజావూరు బాణీ కోసం దక్షిణానికి వెళ్ళి చివరకు శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి ఆయనకు లభించాయి. అంతకు ఎంతో ముందు, ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కాకర్ల గ్రామం నుంచే త్యాగరాజస్వామి పూర్వీకులు తమిళ దేశానికి తరలివెళ్ళారని చెబుతారు. ఈ నేల కన్నవారు వినేవారిని వెతుక్కుంటూ వెళ్ళిపోవడం మనకు కొత్త కాదు.

ఇక్కడే మిగిలినవారి పరిస్థితి ఏమిటని అడిగితే బాబాయ్ ఈ మధ్య జరిగిన ఒక పెళ్ళి సంగతి చెప్పారు. ఆయన ఖరహరప్రియ ఆలాపన మొదలుపెట్టి పంచమం మీద నిలిచేసరికి, ఎవరో వచ్చి ఏదైనా సినిమా పాట వాయించమన్నారట. ఆ తరువాత ఫొటోల్లోకి వస్తున్నారని మేళాన్ని మండపం మీద నుంచి దించి, భోజనాల పందిరి పక్కన, డి.జె. పెట్టెల వెనుక కూర్చోబెట్టారట. మాంగల్యధారణ వేళకు గట్టిమేళం కోసం మాత్రం చేయి ఊపి పిలిచారు. శుభలేఖలో వంటవారి పేరు, ఫొటోలవారి పేరు ఉన్నాయి. వీరికి దక్కింది మంగళవాద్యాలు అన్న ఒక్క మాట. బాబాయ్ ఇదంతా కోపం లేకుండా చెప్పారు, నాకు మాత్రం చాలా కోపం వచ్చింది.

మిలీనియం పార్కు వంటి వేదిక మనకు అక్కరలేదు. నెల్లూరులో రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం ఉంది, ప్రతి ఊరిలో గుడి ముందర ఖాళీ స్థలం ఉంది. ఏడాదికి ఒక శని, ఆదివారాలు ప్రకాశం, నెల్లూరు జిల్లాల సన్నాయి, డోలు కళాకారులను పిలిచి, ఒక్కొక్కరికి గంట సమయం ఇచ్చి, ఆ గంటసేపూ కూర్చుని విని, పేరు పెట్టి పరిచయం చేస్తే చాలు. విదేశాల్లో ఉన్న మనం మన సంఘాల వేడుకల కోసం సినిమా గాయకులను రప్పించడానికి పెట్టే ఖర్చులో కొంత ఇటు తిప్పితే ఇది ఏమాత్రం కష్టం కాదని నేను నమ్ముతున్నాను.

అంతవరకు ఆగకుండా మా ఇంటితోనే మొదలుపెడుతున్నాము. ఈ మాఘమాసంలో మా తమ్ముడి పెళ్ళి ఉంది. ఎదురుకోలుకు ముందు గంటసేపు డి.జె. లేకుండా, మండపం ఎదుటే కుర్చీలు వేసి బాబాయ్ కచేరీ పెట్టిస్తున్నాము. ఏ రాగం వాయించాలో ఆయన ఇష్టం. శుభలేఖలో మేళం వారి పేర్లన్నీ అచ్చు వేయిస్తామని నాన్నగారు కూడా ఒప్పుకున్నారు. బాబాయ్ దీనికి ఒక్కటే షరతు పెట్టారు: "డోలాయన పేరు కూడా నా పేరంత అక్షరాల్లోనే ఉండాలమ్మాయ్, తగ్గిత్తే నేను రాను." శుభలేఖ నమూనా రేపు ఒంగోలు ప్రెస్సుకు వెళుతుంది, కచేరీ మొత్తం వచ్చే వీడియోలో ఎక్కడా కత్తిరించకుండా పెడతాను.