డాక్టరు గారికి చూపించని పొట్లం

వేదిక మీది పెద్దలకు, మన పెన్షనర్ల సంఘం సభ్యులకు, మెత్తని కుర్చీలు వదిలి గోడవారన చెక్కబల్ల మీద కూర్చున్న నడుం నొప్పి మిత్రులకు నమస్కారాలు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం ‘దీర్ఘకాలిక నొప్పులకు ప్రత్యామ్నాయ వైద్యం’. నేను వైద్యుణ్ణి కాను. జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి, పద్నాలుగేళ్లుగా నడుం నొప్పిని మోస్తున్నవాణ్ణి. ఆ రెండు అర్హతలతోనే మాట్లాడతాను.

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. దెబ్బ వల్ల వచ్చిన నొప్పి దెబ్బ మానగానే పోవాలి. కొందరిలో అది పోదు సరికదా, నాడీమండలమే సున్నితమైపోయి చిన్న కదలికను కూడా పెద్ద బాధగా అందుకోవడం మొదలుపెడుతుంది. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ మనం పడే బాధకూ చాలాసార్లు పొంతన కుదరకపోవడానికి అదొక కారణం. ‘రిపోర్టులో ఏమీ లేదండీ’ అని డాక్టరు గారు మంచి మాటగానే అంటారు. మన నొప్పి అబద్ధమన్నారని నొచ్చుకుని మనం ఇంకో గుమ్మం వెతుక్కుంటాం.

ఆ ఇంకో గుమ్మంలో దొరికేదంతా మోసమేనని నేను అనను. మోకాలు దేనికైనా కొట్టుకుంటే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, అలా రుద్దితే ఎందుకు ఉపశమనంగా ఉంటుందో 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు వివరించే ప్రయత్నం చేశారు. స్పర్శను మోసుకెళ్లే నాడులు వెన్నుపాములో నొప్పి సంకేతానికి తలుపు కొంత మూస్తాయన్నది వారి సిద్ధాంతం. బాలింతకు వావిలాకు నీళ్లు పోసినప్పుడు, ఉప్పు మూటతో కాపడం పెట్టినప్పుడు మన పెద్దవాళ్లు ఆ సిద్ధాంతం చదివి పెట్టలేదు, హాయిగా ఉందని పెట్టారు. మన గుంటూరు మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌ను పూతమందుగా నొప్పులకు వాడుతున్నారు. అది శరీరంలో వేడిని, మంటను పసిగట్టే ఏ గ్రాహకాన్ని తాకుతుందో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నడుం నొప్పికి మాత్రల కంటే ముందు వ్యాయామం, యోగా, మర్దన, సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ వంటివి ప్రయత్నించమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో తన మార్గదర్శకాల్లో చెప్పింది.

ఆక్యుపంక్చర్ అన్నాను కాబట్టి ఒక్క పరీక్ష సంగతి చెప్పాలి. జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1,162 మంది మీద జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. శాస్త్రం చెప్పిన చోట సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి, శాస్త్రంతో పని లేకుండా వేరే చోట్ల పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం మందికి, మాత్రలు, వ్యాయామం వంటి మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మందికి గుణం కనిపించింది. సూది ఎక్కడ గుచ్చారన్నదానికంటే, ఒక మనిషి అరగంట సేపు మన నడుం దగ్గర కూర్చుని మన మీదే ధ్యాస పెట్టాడన్నది ఎక్కువ పని చేసిందని నాకు అనిపిస్తుంది.

ఇక్కడి నుంచి ఒక్కొక్క పద్ధతినీ వరుసగా చెబుదామని కాగితం రాసుకొచ్చాను. ఆ కాగితం పక్కన పెడుతున్నాను, కార్యదర్శి గారు క్షమించాలి. మా అమ్మ సంగతి చెప్పకుండా ఈ విషయం మీద మాట్లాడడం నాకు చేతకాదు.

అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పట్నంలో చూపిస్తే రెండు నిమిషాల్లో మాత్రలు రాశారు. మధ్యలో ఎవరో ఇచ్చిన తైలం రాసుకున్నానని ఆవిడ చెప్పినందుకు నలుగురిలో కసురుకున్నారు. తరువాత మా వీధిలో ఒకావిడ చెబితే వారం వారం సంతలో కూర్చునే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. అతను అమ్మ మోకాలు చేతుల్లోకి తీసుకుని, రాత్రి నిద్ర పడుతోందా, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా ఎక్కువ అని అడిగి, వంకాయ, గోంగూర మానమని పథ్యం చెప్పి, వార్తాపత్రిక ముక్కల్లో కట్టిన పొడి పొట్లాలు నలభై ఇచ్చాడు. నాలుగో రోజు అమ్మ గుడి మెట్లెక్కింది. నెలలు గడిచేకొద్దీ ముఖం గుండ్రంగా నిండుతుంటే, అమ్మ ఒళ్లు చేసిందని మురిసిపోయాం. చేతుల మీద చిన్న తాకిడికే నల్లటి మచ్చలు పడుతుంటే వయసు అనుకున్నాం. పాఠంలో అడ్రినల్ గ్రంథుల బొమ్మ ఏటేటా నల్లబల్ల మీద వేసినవాణ్ణి నేను!

ఎనిమిదో నెలలో అమ్మ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా?’ అని అడిగారు. ‘ఏమీ లేదండీ’ అన్నాను. మళ్లీ కసురుకుంటారన్న భయం, చదువుకున్నవాడివై ఉండి అంటారన్న సిగ్గు. పొడి ఆగిపోయింది. రెండో రాత్రికి రక్తపోటు పడిపోయింది, అమ్మ మాట తడబడింది. ఒక కుర్ర డాక్టరు ఆ గుండ్రటి ముఖాన్నీ, ఆ మచ్చల్నీ చూసి నన్ను బయటికి పిలిచి, ‘పెద్దాయనా, తిట్టను, చెప్పండి’ అన్నాడు. జేబులోంచి పొట్లం తీసిచ్చాను. పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుందనీ, బయటి నుంచి వచ్చే స్టెరాయిడ్‌కు అలవాటు పడి ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేశాయనీ, ఒక్కసారిగా ఆపితే ప్రాణాల మీదికి వస్తుందనీ చెప్పాడు. రక్తపరీక్షలో అదే తేలింది. అమ్మ బతికింది, వాకర్ పట్టుకుని మరో నాలుగేళ్లు తిరిగింది.

సంతలో పొట్లం అమ్మినవాడిది తప్పే. కసురుకున్న డాక్టరుదీ తప్పే. ‘ఏమీ లేదండీ’ అన్నది మాత్రం నేను.

అందుకే మీలో ఆయుర్వేదం వాడేవారిని మానెయ్యమని అడగడం లేదు. దాచవద్దని అడుగుతున్నాను. ఇంటర్నెట్‌లో అమ్మే 193 రకాల ఆయుర్వేద మందులను కొని పరీక్షిస్తే సుమారు ఐదో వంతు వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వీటిలో ఏదో ఒకటి బయటపడిందని 2008లో అమెరికా వైద్య పత్రిక ఒకటి ప్రచురించింది. కల్తీ లేనిది కూడా ఊరుకోదు: అతిమధురం ఎక్కువ కాలం తింటే రక్తపోటు పెరుగుతుంది, రక్తం పల్చబడే మందు వాడేవారు పసుపు క్యాప్సూళ్లు మింగితే రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. అలాగే ఇక్కడున్న డాక్టరు గార్లను ఒకటి వేడుకుంటున్నాను: దయచేసి కసరకుండా అడగండి.

వచ్చే నెల సమావేశానికి మీరందరూ ఇంట్లో ఉన్న మందులన్నీ, పొట్లాలతో, సీసాలతో సహా, ఒక గుడ్డసంచిలో వేసుకు రండి. చూడడానికి ఒక వైద్యుణ్ణీ, ఒక ఫార్మసిస్టునూ నేను పిలుస్తాను. నా సంచి ఇవాళే తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. ఇవి బీపీ మాత్రలు. ఇది కోడలు ఇచ్చిన పసుపు డబ్బా. ఇవి మోకాలికని ఎవరో ఇచ్చిన గుళికలు, తెరవలేదు. ఈ తైలం సీసాకు లేబులు ఊడిపోయింది. లోపల ఏముందో నాకూ తెలియదు, నిన్న రాత్రి కూడా రాసుకున్నాను.