బాలింత నడుము వంగకుండా బిడ్డకు పాలివ్వడం

[దృశ్యం: నెల్లూరు జిల్లాలో ఒక ఇంటి వసారా. నులక మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తున్న బాలింత.]

వ్యాఖ్యానం: తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి మంచం మీదే కూర్చుని పాలివ్వడం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో మామూలే. అయితే నులక మంచం నడిమికి కుంగుతుంది, వీపుకు ఆసరా ఉండదు, దాంతో తల్లి తనకు తెలియకుండానే బిడ్డ మీదికి వంగిపోతుంది. తొలి వారాల్లో పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది గనుక, ప్రతిసారీ అలా వంగితే మెడ, భుజాలు, నడుము పట్టేస్తాయి. బాలింతకు నొప్పులు సహజమేనని పెద్దవాళ్లు సర్దిచెప్పినా, ఈ నొప్పి ఓర్చుకోవలసినది కాదు, కూర్చునే తీరు మార్చి తగ్గించుకోవలసినది.

[దృశ్యం: గోడ వారగా కుర్చీ, ఒడిలో దిండు, కాళ్ల కింద పీట.]

వీపు ఆనించుకుని, పాదాలు పీట మీద పెట్టుకుని, ఒడిలో దిండు వేసుకుని బిడ్డను రొమ్ము ఎత్తుకు తేవాలి. రొమ్మును బిడ్డ దగ్గరికి వంచకూడదు. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనుతూ, చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. మెడ పక్కకు తిప్పుకుని మనం గ్లాసుడు నీళ్లు తాగి చూస్తే, వెల్లకిలా పడుకుని ముఖం మాత్రమే తిప్పిన బిడ్డకు మింగడం ఎంత కష్టమో తెలుస్తుంది.

[దృశ్యం: బొమ్మతో దగ్గరగా చూపాలి.]

చనుమొనను బిడ్డ ముక్కుకు ఎదురుగా ఉంచి, నోరు బాగా తెరిచిన క్షణంలో దగ్గరికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు తగిలి, కింది పెదవి బయటికి తిరిగి, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం కింద కంటే పైన ఎక్కువగా కనిపిస్తే పట్టు కుదిరినట్టే. చనుమొన నొప్పి ఆగకపోతే శుభ్రమైన చిటికెన వేలిని బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి.

సిజేరియన్ అయిన తల్లి కుట్ల మీద బరువు పడకుండా, బిడ్డ కాళ్లు తన వీపు వైపు ఉండేలా చంక కింద పట్టుకోవచ్చు. కవలల తల్లులకూ ఈ పద్ధతి అనువైనది. పక్కకు తిరిగి పడుకుని కూడా పాలివ్వవచ్చు గానీ, కుంగే మంచం మీద వద్దు. బిడ్డ ముఖం దగ్గర దిండ్లు, దుప్పట్లు ఉంచకండి. నిద్ర ముంచుకొస్తుంటే పక్కనున్నవారిని పిలవండి, తాగడం అయ్యాక బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి.

చనుమొనలు పగిలినా, రొమ్ము ఎర్రబడి గట్టిపడి జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు పాలు సరిపోతున్నాయా అని అడిగి ఊరుకోకుండా, బిడ్డ తాగడం మొదలుపెట్టినప్పటి నుంచి వదిలేదాకా పక్కన కూర్చుని చూడమని అడగండి.