రాని చట్టం, పోని చట్టం: బస్రా ఆయిల్ కార్మికుల కథ

నమస్కారం అండీ. 2007 జూన్ 4. దక్షిణ ఇరాక్‌లో బస్రా. ఎండ ఎలా ఉంటుందో గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లను అడిగితే చెబుతారు. ఆ ఎండలో పైపులైన్ కార్మికులు పని ఆపేశారు. బస్రా నుంచి బాగ్దాద్ వైపు పెట్రోలు, డీజిల్, గ్యాస్ వెళ్లే లైన్లు అవి. రెండు రోజులు గడిచాయో లేదో, ప్రధాని నూరీ అల్ మాలికీ ప్రభుత్వం యూనియన్ నాయకులకు అరెస్టు వారెంట్లు పంపింది. దేశ ఆర్థిక వ్యవస్థను దెబ్బతీస్తున్నారని అభియోగం. సమ్మె చేస్తున్నవాళ్ల చుట్టూ సైన్యం వచ్చి నిలబడింది.

ఇంతకీ వాళ్లు అడిగిందేంటి? జీతాలు, ఇళ్ల స్థలాలు, టెంపరరీ వాళ్లను పర్మనెంట్ చేయడం. మన దగ్గర ఏ యూనియన్ గేటు మీటింగుకు వెళ్లినా వినిపించేవే. కానీ ఆ కాగితంలో ఇంకొకటి ఉంది. కొత్త ఆయిల్ చట్టం రాస్తున్నారట కదా, అందులో మా మాట కూడా వినండి అని. వారెంట్ల దాకా వెళ్లడానికి అసలు కారణం ఇదేనని నాకనిపిస్తుంది. ఇళ్ల స్థలాల కోసం ఏ ప్రభుత్వమూ సైన్యాన్ని దించదు.

ఆ చట్టం కథేంటో చూద్దాం. 2007 ఫిబ్రవరి 26న ఇరాక్ క్యాబినెట్ ఒక ముసాయిదాను ఆమోదించింది. అప్పటి లెక్కల ప్రకారం ఆ దేశం కింద 115 బిలియన్ బ్యారెళ్ల చమురుంది. ప్రభుత్వానికి వచ్చే ఆదాయంలో నూటికి తొంభై పైనే చమురుదే. అంటే ఆ చట్టం ఆ దేశానికి ఇంటి దస్తావేజు లాంటిది. దాని కోసం తొందరపెట్టింది ఎవరు? 2005 డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్య నిధి, అదే ఐఎంఎఫ్‌తో చేసుకున్న ఒప్పందంలోనే, 2006 చివరికల్లా పెట్రోలియం చట్టం ముసాయిదా సిద్ధం చేస్తామని ఇరాక్ రాసిచ్చింది. 2007 జనవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్ అదనపు సైన్యాన్ని పంపుతున్నానని ప్రకటించిన ప్రసంగంలోనే ఈ చట్టం ప్రస్తావన తెచ్చాడు. మే నెలలో అమెరికా కాంగ్రెస్ ఇరాక్ సర్కారు ముందు 18 లక్ష్యాలు పెట్టింది. వాటిలో ఇదొకటి. ఒక పక్క బాగ్దాద్‌లో రోజూ బాంబులు పేలుతున్నాయి, శవాలు తేలుతున్నాయి. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టుంది కదూ?

ఇందులో గమ్మత్తు ఒకటి చెప్పాలి. మొదటి ముసాయిదా రాసింది పరాయివాళ్లేం కాదు, ముగ్గురు ఇరాకీ నిపుణులు. అందులో ఒకాయన ఫారూక్ అల్ కాసిమ్. 1968లో నార్వే వెళ్లి, ఆ దేశం తన చమురును తన చేతుల్లోనే ఉంచుకునే పద్ధతి తయారుచేసుకోవడంలో పెద్ద పాత్ర పోషించిన భూగర్భ శాస్త్రవేత్త. రెండో ఆయన తారిక్ షఫీక్. క్యాబినెట్ నుంచి బయటికొచ్చేసరికి ఆ ముసాయిదా ఎంత మారిపోయిందంటే, రాసిన ఈ ఇద్దరే దాన్ని విమర్శించారు.

సరే, కార్మికులకు అందులో ఏది నచ్చలేదు? ఉత్పత్తిలో వాటా ఒప్పందాలు. పేరు వింటే బరువుగా ఉంది కానీ మన పల్లెల్లో అందరికీ తెలిసిన లెక్కే. నీ పొలం నేను పాలుకు తీసుకున్నాననుకోండి. పెట్టుబడి అంతా నాది. పంట వచ్చాక ముందు నా పెట్టుబడి నేను తీసేసుకుంటాను, మిగిలింది ఇద్దరం పంచుకుంటాం. వినడానికి న్యాయంగానే ఉంది. తేడా ఎక్కడొస్తుంది? పెట్టుబడి ఎంతయిందో రాసేది నేనే కదా! ఎరువు బస్తాకు ఎంత రాశానో నువ్వు పొలం గట్టున కూర్చుని లెక్కపెట్టగలవా? పైగా ఈ పాలు ఒక పంటకు కాదు, పాతికేళ్లకు. మధ్యలో చమురు ధర రెండింతలైనా, నీ పార్లమెంటు మనసు మార్చుకున్నా, ఒప్పందం ఒప్పందమే.

ఈ గొడవ మనకు కొత్త కాదు, మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ ఇదే పద్ధతి నడిచింది. డీ6 అనే గ్యాస్ బ్లాకులో పెట్టుబడి ఖర్చు ఎలా పెరిగింది, ఎంత వసూలు చేసుకోవచ్చు అని ఏళ్ల తరబడి రచ్చ జరిగింది. 2011లో కాగ్ నివేదిక ఆ పద్ధతిలోని లోపాన్నే ఎత్తిచూపింది. తర్వాతి ఏడాది రంగరాజన్ కమిటీ, ఖర్చుల లెక్కతో పనిలేకుండా వచ్చిన ఆదాయంలోనే వాటా తీసుకుందాం అంది. 2016లో కేంద్రం కొత్త బ్లాకులకు అలాగే మార్చేసింది. మనకు అనుభవం మీద తెలిసింది. బస్రా వాళ్లు ముందే అనుమానించారు.

వాళ్ల అనుమానానికి చరిత్ర ఉంది. 1925లో ఇరాక్ ఇచ్చిన కన్సెషన్‌తో, అంటే చమురు తవ్వుకునే హక్కుతో, బ్రిటిష్, డచ్, ఫ్రెంచ్ కంపెనీలు, తర్వాత చేరిన అమెరికన్ కంపెనీలు కలిసిన ఒక కూటమి ఆ దేశం చమురు మీద కూర్చుంది. 1927లో కిర్కుక్ దగ్గర బాబా గుర్‌గుర్‌లో చమురు ఎగజిమ్మింది. ఎంత తవ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది లండన్‌లో తేలేది. 1946లో కిర్కుక్ కార్మికులు జీతాల కోసం సమ్మె చేస్తే గావుర్‌బాగీ అనే తోటలో పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు చనిపోయారు. 1961లో 80వ నంబరు చట్టంతో, కంపెనీ వాడకుండా వదిలేసిన భూమినంతా, అంటే కన్సెషన్‌లో 99.5 శాతాన్ని, ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 1972 జూన్ 1న మిగిలిన కిర్కుక్ క్షేత్రాలు కూడా జాతీయమయ్యాయి. బస్రాలో వయసు మళ్లిన ఆపరేటర్లకు ఈ జాతీయం చేయడం పుస్తకంలో చదివిన సంగతి కాదు, వాళ్ల ఉద్యోగ జీవితంలో జరిగిందే.

ఇప్పుడు రెండో చట్టం. టైటిల్‌లో "పోని చట్టం" అన్నాను కదా, అదన్నమాట. 1987లో సద్దాం హుస్సేన్ 150వ నంబరు చట్టం తెచ్చాడు. ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవాళ్లంతా ఇకనుంచి కార్మికులు కారు, ఉద్యోగులు. ఉద్యోగులకు యూనియన్ ఉండదు. చూశారా తెలివి? యూనియన్‌ను నిషేధించే బదులు కార్మికుడనే మాటనే మాయం చేశాడు. ఆయిల్ మొత్తం ప్రభుత్వానిదే కాబట్టి ఆయిల్‌లో యూనియన్ మొత్తంగా చట్టవిరుద్ధమైపోయింది.

2003లో సద్దాం గద్దె పోయింది. అమెరికా ప్రతినిధి పాల్ బ్రెమర్ వచ్చి పాత చట్టాలు చాలా కొట్టేశాడు. విదేశీ కంపెనీలు నూటికి నూరు శాతం వాటా పెట్టుకోవచ్చని ఆర్డర్ ఇచ్చాడు, చమురు తవ్వకాన్ని మాత్రం అప్పటికి పక్కన పెట్టాడు. 150వ నంబరు జోలికి పోలేదు. సద్దాం విగ్రహం కూలింది, సద్దాం చట్టం నిలబడింది.

అయినా బస్రాలో కార్మికులు యూనియన్ పెట్టుకున్నారు. హసన్ జుమా అవాద్ దాని నాయకుడు. కాగితం మీద లేని యూనియన్ అది. 2003 ఆగస్టులోనే రెండు రోజులు ఎగుమతులు ఆపేసింది. తర్వాత బ్రెమర్ ఆఫీసు ఇచ్చిన జీతాల పట్టికలో అట్టడుగు జీతం నెలకు 69,000 దీనార్లు, అప్పట్లో 40 డాలర్ల చిల్లర. మేం సొంతంగా పట్టిక రాసుకుంటాం, ఒప్పుకోకపోతే పని ఆపుతాం అన్నారు. చివరికి అట్టడుగు 1,02,000 అయింది. క్రమంగా అది 26,000 మంది సభ్యుల ఫెడరేషన్‌గా ఎదిగింది. కాగితం మీద లేకపోతేనేం, వాల్వు తిప్పేది వాళ్లే!

2005 ఆగస్టులో ప్రభుత్వం 8750 నంబరు డిక్రీతో యూనియన్ల డబ్బు మీద పట్టు తీసుకుంది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో ఐదు కార్మిక సమాఖ్యలు జోర్డాన్‌లోని అమ్మాన్‌లో కలిశాయి. మామూలుగా ఒకరంటే ఒకరికి పడనివాళ్లు. కమ్యూనిస్టులతో దగ్గరగా ఉన్నవాళ్లు ఒకవైపు, మసీదు వరుసలో నిలబడేవాళ్లు ఇంకోవైపు. ఉత్తరాన సొంత ప్రాంతం నడుపుకునే కుర్దులు కూడా వచ్చారు. అందరూ కలిసి ఉత్పత్తిలో వాటా ఒప్పందాలు వద్దని ప్రకటన ఇచ్చారు. దేశమంతా షియా, సున్నీ అని చీలి కొట్టుకుంటున్న నెలలవి. ఈ కథ మొత్తంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఇక్కడే.

2007 జూన్‌లో సమ్మెకు వెళ్లిన రోజుల్లోనే యూనియన్ కార్యదర్శి ఫలేహ్ అబూద్ ఉమారా అమెరికా పర్యటనలో ఉన్నాడు. ఆయనతో పాటు విద్యుత్ కార్మికుల నాయకురాలు హష్మియా ముహ్సిన్ కూడా. ఇరాక్‌లో జాతీయ స్థాయి యూనియన్‌కు అధ్యక్షురాలైన మొదటి మహిళ ఆవిడ. అక్కడి కార్మికులకు వీళ్లు చెప్పింది సూటి మాట: చమురు ఆదాయం అందరికీ పంచే చట్టమని మీ టీవీల్లో అంటున్నారు, అందులో విదేశీ కంపెనీలకు ఏం రాశారో కూడా చదవండి అని.

బస్రాలో సమ్మెను చర్చల కోసం కొన్ని రోజులు వాయిదా వేశారు. ప్రభుత్వం బాగ్దాద్ నుంచి బృందాన్ని పంపింది, వారెంట్లు అమలు కాలేదు. కానీ జులైలో ఆయిల్ మంత్రి హుస్సేన్ అల్ షహ్రస్తానీ ఒక ఆదేశం ఇచ్చాడు: యూనియన్లతో ఎవరూ మాట్లాడొద్దు, వాటికి చట్టబద్ధత లేదు. ఈయన ఎవరో తెలుసా? సద్దాంకు అణుబాంబు చేయనన్నందుకు ఏళ్ల తరబడి అబూ గ్రైబ్ జైల్లో మగ్గిన శాస్త్రవేత్త. సద్దాం జైలు నుంచి తప్పించుకున్న మనిషి సద్దాం చట్టాన్నే పట్టుకుని యూనియన్‌ను కొట్టాడు. వ్యక్తిగా ఆయన మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఇది ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఇక చట్టం ఏమైంది? పార్లమెంటు దాటలేదు. యూనియనే ఆపేసిందని నేను అనను. అలా చెప్పే వీడియోలు చాలానే ఉన్నాయి, వినడానికి బాగుంటాయి. అసలు పెద్ద అడ్డం కుర్దిస్తాన్‌కూ బాగ్దాద్‌కూ మధ్య పేచీ. కొత్త బావుల మీద పెత్తనం ఎవరిదన్నది తేలలేదు. 2007 ఆగస్టులో కుర్దులు తమ సొంత చట్టం చేసేసుకున్నారు. మరి యూనియన్ చేసిందేంటి? మూడో కంటికి తెలియకుండా జరిగిపోవాల్సిన పనిని బజార్లోకి తెచ్చింది. వందమందికి పైగా ఇరాకీ ఇంజనీర్లు, ఆర్థికవేత్తలు తొందరపడొద్దని పార్లమెంటుకు లేఖ రాశారు. సంతకం పెడితే ఓటర్లకు ఏం చెప్పాలన్న టెన్షన్ ఎంపీలకు పట్టుకుంది.

దాని ఫలితం 2009 జూన్ 30న టీవీలో కనిపించింది. బాగ్దాద్‌లో వేలం, ప్రత్యక్ష ప్రసారం. రుమైలా క్షేత్రం. అదనంగా తీసే ప్రతి బ్యారెల్‌కు ఎంత కూలి కావాలో చెప్పమన్నారు. అమెరికా కంపెనీ ఎక్సాన్ 4.80 డాలర్లు అంది, బ్రిటిష్ కంపెనీ బీపీ చైనా కంపెనీతో కలిసి 3.99 అంది. షహ్రస్తానీ మంత్రిత్వ శాఖ 2 డాలర్లకు మించి ఇవ్వనంది. ఎక్సాన్ లేచి వెళ్లిపోయింది, బీపీ ఒప్పుకుంది. చూడండి, ఇది పాలు లెక్క కాదు, వరికోత మిషన్ లెక్క. ఎకరానికి ఇంత అని తీసుకుని పో, పంటలో వాటా అడక్కు. రెండేళ్ల ముందు అనుకున్నదానికీ దీనికీ ఎంత తేడా! అయినా యూనియన్ దీన్నీ వ్యతిరేకించింది. మేం యాభై ఏళ్లుగా తీస్తున్న బావికి మళ్లీ వాళ్లెందుకు, పార్లమెంటు ఆమోదం ఏదీ అని. మొదటి ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబుంది: యుద్ధాలు, ఆంక్షలతో అరిగిపోయిన బావులు, పెట్టుబడి లేదు. రెండో ప్రశ్నకు మాత్రం లేదు.

యూనియన్లకు దక్కింది వేరు. 2010 జులైలో విద్యుత్ శాఖ కూడా చూస్తున్న షహ్రస్తానీ ఆదేశంతో విద్యుత్ కార్మికుల యూనియన్ ఆఫీసులు మూయించారు. 2013లో సమ్మెలు చేయించాడని హసన్ జుమా మీద కేసు నడిచింది. 2015లో కొత్త కార్మిక చట్టం వచ్చింది, ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించదు.

ఆయిల్ చట్టం సంగతా? 2022లో వచ్చిన ప్రభుత్వం కూడా ఆరు నెలల్లో తెస్తామంది. రాలేదు. చట్టం లేకుండానే ఒప్పందాలు మారిపోతున్నాయి. 2018 నుంచి కొత్త ఒప్పందాల్లో లాభంలో వాటా మళ్లీ కనిపించడం మొదలైంది. 2025లో కిర్కుక్ పాత క్షేత్రాలు బాగుచేయడానికి బీపీ సంతకం చేసింది, ప్రతిఫలం లాభాలతో ముడిపెట్టి. 1927లో బాబా గుర్‌గుర్ తవ్విన కూటమిలో సగానికి కాస్త తక్కువ వాటా ఉన్నది ఆ కంపెనీకే, అప్పటి పేరు ఆంగ్లో-పర్షియన్. 1972లో పంపేసిన చోటికే, కోత మిషన్ వదిలేసి మళ్లీ పాలుకు వచ్చింది.