మా వీధికొచ్చిన ఆవిరి, మా మేడ మీది బూజు

వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలెడితే పది నిమిషాలు పోతాయి. నాకిచ్చింది పదిహేను. అధ్యక్షులవారు ఏమీ అనుకోవద్దు.

ఈరోజు జూన్ 5, పర్యావరణ దినోత్సవం. ఆహ్వాన పత్రంలో నా అంశం ‘పుట్టగొడుగులతో ప్యాకింగ్’ అని వేశారు. దాని గురించే చెబుతాను. ముందు ఈ ముక్క చూడండి. మా అల్లుడుగారు కొన్న మిక్సీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ ఇది. నూటికి 98 వంతులు గాలే. మిగతా రెండు వంతులూ పాలీస్టైరీన్. అది దేనితో చేస్తారు? స్టైరీన్‌తో.

ఈ పేరు మన విశాఖకు కొత్త కాదు. గోపాలపట్నంలో బడికెళ్లే పిల్లాణ్ని అడిగినా చెబుతాడు.

2020 మే 7, తెల్లవారుజామున మూడు దాటింది. లాక్‌డౌన్ రోజులు. కుక్కలు ఒకటే అరుపు. ఏదో ఘాటు వాసన. మా ఆవిడ గ్యాస్ లీకనుకుని వంటింట్లోకి పరిగెత్తి రెగ్యులేటర్ కట్టేసింది. వాసన తగ్గలేదు. కిటికీ తీసింది, ఇంకా ఎక్కువైంది. ఆమె ఇప్పటికీ అదే అంటుంది, ‘కిటికీ నేనే తీశాను కదండీ’ అని. కళ్లు మంటలు. తడి తువ్వాళ్లు ముక్కులకు చుట్టుకుని సింహాచలం వైపు నడిచాం. ఆర్.ఆర్. వెంకటాపురంలో మనుషులు నడుస్తూ నడుస్తూ రోడ్డు మీదే పడిపోయారు. 12 మంది చనిపోయారు. పశువుల సంగతి సరేసరి.

కంపెనీ పేరు నేను చెప్పను, మీకు తెలుసు. జరిగిందేమిటో మాత్రం చెబుతాను. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే తనంతట తానే గట్టిపడటం మొదలెడుతుంది. గట్టిపడేకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి మిగిలింది ఆవిరై బయటికొస్తుంది. ఆగిపోయిన ఫ్యాక్టరీలో ట్యాంకుకు అదే పట్టింది. టీవీ పగలకుండా అడ్డం పెట్టే ఈ తెల్లటి ముక్క వెనకాల అలాంటి ట్యాంకు ఒకటి ఎక్కడో ఒకచోట ఉంటుంది. మన ఊళ్లో కాకపోతే ఇంకొకరి ఊళ్లో.

సరే, పుట్టగొడుగుల దగ్గరికి వస్తాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

నేను ముప్పై ఏళ్లు స్టోర్స్‌లో పనిచేశాను. పెట్టెలు విప్పడమే నా ఉద్యోగం. రిటైరయ్యాక మేడ మీద షెడ్డు వేసి ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచాను. ఒకసారి పెళ్లికెళ్లి ఒక గడ్డి సంచి మర్చిపోయాను. తిరిగొచ్చేసరికి ఎండి గట్టిపడి ఉంది. విరవబోతే విరగలేదు. గడ్డి పరకలన్నిటినీ తెల్లటి బూజు దారాలు కుట్టేసినట్టు పట్టుకున్నాయి. ఆ దారాల అల్లికనే మైసీలియం అంటారు. మనం తినే గొడుగు పైకి కనిపించే కాయలాంటిది. అసలు ఒళ్లంతా ఆ దారాలే.

ఇది నేను కనిపెట్టానని గొప్పలు పోవడం లేదు. అమెరికాలో ఎబెన్ బేయర్, గావిన్ మెక్‌ఇన్‌టైర్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఇంజనీరింగ్ చదువు అయ్యీ అవ్వగానే 2007లోనే ఎకోవేటివ్ అని కంపెనీ పెట్టారు. డెల్ వాళ్లు 2011లో తమ సర్వర్లను ఆ బూజు పెట్టెల్లో పంపడం మొదలెట్టారు. మనకు వార్త రావడమే ఆలస్యం.

చేసే పద్ధతి వంట కన్నా కష్టమేమీ కాదు. వరిగడ్డిని అంగుళం ముక్కలు కొట్టి, నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించాలి. నీళ్లు కారిపోయాక స్పాన్, అంటే పుట్టగొడుగుల విత్తనం, కలిపి అచ్చులో నొక్కాలి. మూత పెట్టి చీకట్లో వారం వదిలేస్తే అచ్చు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో తెల్లగా అల్లుకుంటుంది. చేతులు కడుక్కోకుండా ముట్టుకున్నారో, పచ్చ బూజు పడుతుంది. నా మొదటి పదకొండు అచ్చులూ అలాగే పోయాయి. చివరగా వేడి పెట్టెలో పెట్టి లోపలిదాకా ఆరబెట్టాలి. ఈ మెట్టు మాత్రం దాటేయకండి. నేను దాటేశాను కాబట్టి చెబుతున్నాను.

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. మనవరాలికి ఏటికొప్పాక లక్క బొమ్మలు పంపాలి. నా చేత్తో చేసిన బూజు పెట్టెలోనే పంపాలని పంతం. మూడు రోజులు మేడ మీద ఎండబెట్టాను. మన విశాఖ గాలి సంగతి తెలిసిందే, అప్పడాలే మెత్తబడతాయి. పైన ఎండింది, లోపల పచ్చి. కొరియర్ వాడు వారం తిప్పాడు. అమ్మాయి ఫోన్: ‘నాన్నా, బొమ్మలు బాగున్నాయి. రాజు తలమీద నిజంగానే గొడుగు పట్టింది.’ చూస్తే పెట్టె మూలన గుత్తిగా పుట్టగొడుగులు! కూర వండమంటావా అని అడిగింది. వద్దే తల్లీ, పారెయ్యి అన్నాను. బొమ్మ ఒక్కటీ పగల్లేదు, అది మాత్రం రాసుకోండి.

అన్నిటికీ పనికొస్తుందని చెప్పను. చేపల రేవులో ఒకాయన దగ్గరికి పెట్టె తీసుకెళ్లాను. ఐసు వేశాడు. మధ్యాహ్నానికి అడుగు తడిసి మెత్తబడింది. ‘గురువుగారూ, ఇది చేపకన్నా ముందు కుళ్లేలా ఉంది’ అన్నాడు. నిజమే, నీళ్లు పీలుస్తుంది. థర్మోకోల్ కన్నా కనీసం మూడు నాలుగు రెట్లు బరువు కూడా. గాజు సామాన్లు, బొమ్మలు, మిక్సీలు, దీపాలు, ఇలాంటి పొడి సరుకే దీనికి తగింది. పని అయ్యాక ముక్కలు చేసి కుండీలో వేస్తే మట్టిలో కలిసిపోతుంది. ఆ అమెరికా కంపెనీ 45 రోజులంటుంది. మా మందార కుండీలో రెండు నెలలు పట్టింది.

గడ్డి దొరకదా అంటే దొరుకుతుంది. చెరకు పిప్పే దొరకదు. అనకాపల్లి వైపు అడిగితే బెల్లం పొయ్యిల్లోకే చాలదంటారు.

ఇంక నా గోడు ఒకటుంది, అది చెప్పకుండా దిగను. చిన్న యూనిట్ పెడదామని ఒక ఆఫీసుకెళ్లాను. పుట్టగొడుగులంటే ఉద్యానం, ఇక్కడ కాదు అన్నారు. ఆ ఆఫీసుకెళ్తే ప్యాకింగ్ అంటే పరిశ్రమ, అక్కడికే వెళ్లండి అన్నారు. నాలుగోసారి ఒకాయన ఫారం మీద వేలు పెట్టి, ‘ఇది తినేదా, పారేసేదా? ఏదో ఒకటి టిక్కు పెట్టండి’ అన్నాడు. రెంటికీ పెట్టాను. తిప్పి పంపారు. 2022 జూలై 1న దేశమంతా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను ఆపినప్పుడు అలంకరణ థర్మోకోల్ కూడా ఆ జాబితాలో ఉంది. పెళ్లి స్టేజీ మీద పువ్వుకు వద్దన్నారు, టీవీ పెట్టెలో దిమ్మకు ఏమీ అనలేదు. నాకు ఇది అర్థం కాదు. మీకెవరికైనా అర్థమైతే చెప్పండి.

పొదుపు సంఘం అక్కల్లారా, వెనక వరసలో కూర్చున్నవాళ్లు కూడా వినండి. నాకు కావలసింది డబ్బు కాదు. నీడపట్టున, నీళ్లున్న ఒక షెడ్డు. అచ్చులు నావి, స్పాన్ నేను తెస్తాను. ఆరబెట్టే పెట్టె కూడా ఈసారి కొన్నాను. ఏటికొప్పాకలో బొమ్మలు చేసేవాళ్లు ఇద్దరు, ముందు వంద పెట్టెలు చేసి చూపించమన్నారు. మేడ మీద నేనొక్కణ్ని నెలకు పాతిక దాటలేను.

అదిగో, బెల్లు కొట్టేశారు. షెడ్డున్నవాళ్లు మీటింగ్ అయ్యాక నన్ను కలవండి. బల్ల మీద ఆరు పెట్టెలు పెట్టాను, తీసి చూడండి, కింద పడేసి చూడండి. మజ్జిగ గ్లాసులు పట్టుకున్న చేతులతో మాత్రం ముట్టుకోకండి.