పికప్‌లో పాత సెట్ తీసి కొత్తది పెట్టాను: నాబ్ ఉంటేనే కొనండి

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, బండిలో పాటలు, రేడియో వినే ఈ స్టీరియో సెట్ కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. బ్లూటూత్, యూఎస్‌బీ, ఎఫ్ఎం లాంటివి ఏమేం ఉన్నాయో మీరు ఈపాటికి చూసే ఉంటారు, నేను మళ్లీ చదవను. మూడు వారాలుగా మా బొలెరో పికప్‌లో వాడుతున్నాను. మామిడి సీజన్ కదా, సాయంత్రం విజయవాడ దగ్గర నున్న మామిడి మార్కెట్‌లో లోడ్ ఎత్తితే తెల్లారేసరికి హైదరాబాద్ దగ్గర బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఉండాలి. రాత్రంతా తోడు ఈ సెట్టే.

ఇదిగో, సౌండ్ పెంచే తగ్గించే ఈ నాబ్ చూడండి. గుండ్రంగా ఉంది, అంచున గీతలున్నాయి. తిప్పుతుంటే ఒక్కో మెట్టూ వేలికి తెలుస్తుంది. ఇంత చిన్నదాని గురించి ఇంతసేపు ఎందుకు అంటారేమో. నా పాత సెట్‌కి నాబ్ లేదు, నున్నటి టచ్ బటన్లు. చీకట్లో చేత్తో తడిమితే ఏది ప్లస్సో ఏది మైనస్సో తెలిసేది కాదు. ఒక రాత్రి సూర్యాపేట దగ్గర ఫోన్ మోగింది, సౌండ్ తగ్గిద్దామని బటన్ వెతికాను. తలెత్తేసరికి ముందు లారీ బ్రేక్ లైట్లు అద్దం నిండా ఉన్నాయి. వెనక టన్నున్నర కాయ ఉంటే బండి అంత తొందరగా ఆగదు. దేవుడి దయ, ఆగింది. ఇంటికొచ్చాక కూడా చేతులు వణికాయి. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను, రోడ్డు మీంచి కళ్లు తీయకుండా తిప్పగలిగే నాబ్ ఉండాలి.

ఇక మార్చడం. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. సెట్‌కి రెండు పక్కలా సన్నటి రేకు తాళాలు దూర్చి లాగితే మొత్తం బయటికి వస్తుంది. కొలత ఇబ్బంది లేదు, సింగిల్ డిన్ అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు, పాతదానికీ కొత్తదానికీ అదే. సెట్ వెనక బోల్టు మాత్రం తప్పకుండా బిగించండి, లేకపోతే గతుకుల్లో సెట్ ఊగుతూనే ఉంటుంది.

నాకు కోపం వచ్చింది వైర్లు చూశాక. పాతది బిగించినవాళ్లు పసుపు, ఎరుపు వైర్లు రెండూ కలిపి మెలేసి టేపు చుట్టేశారు. పసుపు ఎప్పుడూ కరెంట్ ఉండాల్సిన వైరు, స్టేషన్లు గుర్తుపెట్టుకునేది దానితోనే. ఎరుపు వైరుకి మాత్రం బండి తాళం తిప్పితేనే కరెంట్ రావాలి. రెండూ తాళం వైరుకే కలిపితే బండి ఆపిన ప్రతిసారీ స్టేషన్లు పోతాయి. నేనేమో రెండేళ్లు సెట్టే పాడైందనుకున్నాను! రెండూ బ్యాటరీకి కలిపినా ప్రమాదమే, సెట్ ఆపడం మర్చిపోతే పొద్దునకి బ్యాటరీ దిగిపోతుంది. మీటర్ పెట్టి చూడండి. తాళం తీసేశాక కూడా 12 వోల్టులు చూపించే బండి వైరును సెట్ పసుపు వైరుకి ఇవ్వండి. ఇంకొకటి, స్పీకర్ మైనస్ వైర్లను బాడీకి ఎర్త్ చేయకండి, సెట్ లోపల సౌండ్ ఇచ్చే ఐసీ (చిప్) కాలిపోతుంది.

మొదటి రోజు ఆకాశవాణి వాళ్ల ఎఫ్ఎం స్టేషన్ విజయవాడ రెయిన్‌బో 102.2 దొరకలేదు. 102.1 నుంచి 102.3కి దూకేస్తోంది. సెట్టింగ్స్‌లో ఏరియా అమెరికా అని ఉంది, అక్కడ స్టేషన్లన్నీ బేసి అంకెల మీదే ఉంటాయి. మార్చగానే వచ్చేసింది. మన దగ్గర అమ్మే సెట్‌కి ఇది వాళ్లే మార్చి పంపాలి కదా?

అట్ట మీద 50 వాట్లు ఇంటూ నాలుగు అని రాశారు. అది గరిష్ఠం, నిలకడగా వచ్చేది అందులో సగం కూడా ఉండదు. అయినా క్యాబిన్‌కి చాలు. బండి స్టార్ట్ చేయగానే బ్లూటూత్ కనెక్టెడ్ అని గట్టిగా అరుస్తుంది, దాన్ని తగ్గించే దారి నాకు దొరకలేదు. అది చిరాకే. అయినా ఈ నాబ్ కోసం దీన్ని నా బండిలోనే ఉంచుకుంటున్నాను. రేపు తమ్ముడి బండికి డబ్బు పెట్టి ఇదే కొంటాను.

లారీ నడిపే అన్నలకు ఒక్క మాట. చాలా లారీల్లో 24 వోల్టులు ఉంటాయి, ఈ సెట్ 12ది. మధ్యలో 24ని 12కి తగ్గించే కన్వర్టర్ లేకుండా కలపకండి.